క్యాన్సర్ కాదంటే నమ్మని మనిషి

క్యాన్సర్ ఉందని రోగికి చెప్పడానికి ఇంటివాళ్ళు జంకుతారు. అది లోకంలో ఉన్నదే. లేదని చెప్పడానికి కాళ్ళావేళ్ళా పడాల్సి వస్తుందని మాత్రం నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. మా ఆయన దగ్గర నేను పడ్డ పాట్లు అవే. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. నేను కార్ఖానాలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. ఇల్లు అల్వాల్‌లో. ఇద్దరమే ఉంటాం కాబట్టి ఒకరి మీద ఒకరు విసుక్కోవడానికి కావలసినంత తీరిక ఉంటుంది.

జబ్బు జొన్నరొట్టె దగ్గర మొదలైంది. తింటూ తింటూ ఆగి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, కోడి నీళ్ళు తాగినట్టు మెడ పైకెత్తేవాడు. ముద్ద అక్కడెక్కడో ఆగిందనేవాడు. నీళ్ళు తాగితే దిగేది. ఒక్కోసారి పొలమారేది. పొలమారినప్పుడల్లా పక్కనున్నవాళ్ళు నెత్తి మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నరు" అనేవాళ్ళు. పెళ్ళి విందులో, వర్క్‌షాపు క్యాంటీనులో, మా పక్కింటి వాళ్ళ సత్యనారాయణ వ్రతంలో, అన్నిచోట్లా అదే మాట. మా ఆయన్ని తలుచుకునేవాళ్ళు సికింద్రాబాద్‌లో ఇంతమంది ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. నేను తప్ప ఇంకెవరూ ఆయన్ని రోజూ తిట్టుకోరనే అనుకున్నాను.

ఆ తర్వాత గ్యాస్ పర్వం. మన దగ్గర తల వెంట్రుక నుంచి కాలి గోరు దాకా ఎక్కడ నొప్పి వచ్చినా గ్యాసే. వాము నమిలాడు, నిమ్మ సోడా తాగాడు, పరగడుపున జీలకర్ర నీళ్ళు తాగాడు. గల్లీలో ఉన్న డాక్టరు ఎర్ర గోళీలు ఇచ్చాడు, అవి పనిచేయకపోతే పచ్చ గోళీలు ఇచ్చాడు. గుండెకు పరీక్ష చేయించాడు, అది బ్రహ్మాండంగా ఉందట. చెవి ముక్కు గొంతు డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, ఇక్కడేమీ లేదు, మనసులో ఏమైనా బెంగ ఉందా అని అడిగాడు. బెంగ ఆయనకెందుకుంటుంది, అది నాకుంది. రొట్టె మానేశాడు, తర్వాత అన్నం పలచగా కలుపుకోవడం మొదలుపెట్టాడు, చివరికి చారులో నానిన మెతుకుల దగ్గర ఆగాడు. ప్యాంటుకు బెల్టు బిగిస్తే నడుము చుట్టూ కుచ్చిళ్ళు పడుతున్నాయి. ఇక నేను ఊరుకోలేదు. బడికి సెలవు పెట్టి, ఆటో ఎక్కించి, సికింద్రాబాద్‌లో ఒక కడుపు డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. ఆయన గొట్టం వేసి చూశాడు.

చూశాక మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి కంప్యూటర్లో బొమ్మ చూపించాడు. అన్నవాహికలో ఒక పక్క నున్నగా ఉబ్బి ఉంది. పైన పుండు లేదు, గరుకు లేదు, రక్తం లేదు. గడ్డ పొర మీద పుట్టలేదని, పొర వెనకాల ఉన్న కండలో పుట్టిందని చెప్పాడు. అన్నవాహికలో ఇలాంటివి అరుదుగా కనిపిస్తాయని, వచ్చినా క్యాన్సర్ కాదని కూడా చెప్పాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. మా ఆయన మాత్రం ఒకటే అడిగాడు.

"ముక్క తీసిన్రా సార్?"

తీయలేదన్నాడు డాక్టరు. ఎందుకు తీయలేదో ఓపిగ్గా చెప్పాడు. గోడకు సున్నం బాగానే ఉంది, లోపల ఇటుక ఉబ్బింది, సున్నం గీకి పరీక్షకు పంపితే ఇటుక సంగతి ఎలా తెలుస్తుంది అన్నాడు. పైగా అక్కడ గీకితే పుండు మాని పొర గడ్డకు అతుక్కుపోతుందట. అప్పుడు గడ్డను శుభ్రంగా ఒలిచి తీయడం కష్టమట. అందుకని చివర స్కానింగ్ ఉండే ఇంకో గొట్టం వేసి, గోడలో ఏ పొరలో ఉందో చూడాలన్నాడు. అదీ చేశారు. ఛాతీకి సీటీ తీశారు. అన్నీ ఒకే మాట చెప్పాయి. గడ్డ కండ పొరలోనే ఉంది, అంచులు నున్నగా ఉన్నాయి, చుట్టుపక్కలకు పాకలేదు. దాని పేరు లియోమయోమా అని రాసిచ్చారు. ఇప్పుడైతే చిన్న రంధ్రాలు పెట్టి, బఠాణీ గింజను తొక్కలోంచి తీసినట్టు తీసేస్తామన్నారు. ఇంకా పెద్దదైతే అన్నవాహికలో కొంత భాగమే కోసి తీయాల్సి రావచ్చు, కాబట్టి నాన్చొద్దన్నారు. కాగితం మీద పక్కాగా రాసిచ్చేది మాత్రం గడ్డ బయటికి తీసి పరీక్ష చేశాకే అని, డాక్టర్లందరూ అన్నట్టే, చివర్లో ఒక మాట అన్నాడు. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఆయనకు పుణ్యం ఉండేది.

ఆటోలో ఇంటికొచ్చాం. ఇల్లు చేరి, చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చున్నాక మా ఆయన నిదానంగా అన్నాడు.

"డాక్టర్‌తోని ముందే మాట్లాడుకున్నవ్ గదా. నాకు ఎరుకే."

నాకు అర్థమయ్యేసరికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక నెత్తి కొట్టుకున్నాను.

ఇక్కడ మా బావగారి సంగతి చెప్పాలి. బావగారంటే మా ఆయన అన్న. కొన్నేళ్ళ క్రితం ఆయనకూ ఇలాగే ముద్ద దిగకుండా అయింది. ఆయనది నిజంగానే అన్నవాహిక క్యాన్సర్. అప్పుడు ఫైలు పట్టుకుని తిరిగిందంతా మా ఆయనే. మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. డాక్టరు గదిలోకి రోగిని తీసుకెళ్తారు, చూపిస్తారు, తర్వాత "జెర బయట కూర్చో" అని పంపిస్తారు. అసలు మాట రోగి వెంట వచ్చినవాళ్ళకే చెబుతారు. వచ్చినవాళ్ళు బయటికొచ్చి, మొఖం తుడుచుకుని, ఇంకో మాట చెబుతారు. మా ఆయన డాక్టరుకు దండం పెట్టి మా అన్నకు తెల్వనియ్యకండి సార్ అన్నాడట. బయటికొచ్చి అన్నతో అల్సర్ అని చెప్పాడు. అన్నను నమ్మించడానికి వాళ్ళమ్మ మీద ఒట్టేశాడు. అప్పుడు బావగారు నవ్వి, "అల్సరేనా? అయితే మిర్చి బజ్జీలు బంద్" అన్నాడట. ఆ మాటను మా ఆయన ఎంతమందికి చెప్పుకున్నాడో లెక్కలేదు. అన్న పోయినప్పుడు ఏడ్చాడు గాని, ఆ ఏడుపులో కూడా ఒక గర్వం ఉండేది. ఆఖరి దాకా అన్నకు తెల్వనియ్యలేదు, ధైర్యంగా పోయిండు అనేవాడు. చుట్టాల్లో ఎవరికి పెద్ద జబ్బు వచ్చినా, ఎలా దాచాలో అడగడానికి మా ఆయనకే ఫోన్ చేసేవాళ్ళు. దాపరికంలో ఆయన మా వంశానికి పెద్ద దిక్కు.

అలాంటి మనిషికి క్యాన్సర్ లేదని నేను నమ్మించాలి. నమ్మించే దారులన్నీ ఆయన ఎప్పుడో వాడేసి పాడుచేసి పెట్టాడు. ఒట్టేస్తే, ఒట్టు నేను సుత వేసిన అంటాడు. నవ్వితే, నవ్వు తెచ్చిపెట్టుకున్నావంటాడు. నవ్వకపోతే సరే సరి. ఉల్లిగడ్డలు కోసి కళ్ళు తుడుచుకుంటే, ఎందుకు దొంగచాటుగా ఏడుస్తవ్ అని ఓదారుస్తాడు. రిపోర్టు చదవమంటే, మా అన్నకు సుత వేరే రిపోర్టు చేయించి చూపించిన అంటాడు. ముక్క తీయలేదంటే అది ఇంకో రుజువు. చూడంగనే తెలిసిపోయింది, ఇంక ముక్కెందుకని తీయలేదట. లియోమయోమా చివర, అన్న రిపోర్టులో రాసిన జబ్బు పేరుకు ఉన్నట్టే 'ఓమా' ఉందట. ఇంత తెలివి వర్క్‌షాపులో చూపించి ఉంటే ఈపాటికి ఫోర్‌మన్ అయ్యేవాడు.

చుట్టాలు ఉన్నారు కదా, వాళ్ళు వచ్చి ఇంకా చెడగొట్టారు. ఒక్కొక్కరూ మెత్తగా ఉడికించిన గోధుమరవ్వ పట్టుకుని రావడం, ఆయన చెయ్యి పట్టుకుని "ఏం కాదు" అనడం. నిజంగానే ఏం కాదురా బాబూ అని నేను అరిచినా, వాళ్ళు నా వైపు జాలిగా చూసి తలూపేవాళ్ళు. ఆ తలూపులన్నీ ఆయన చూసేవాడు. ఆ నాటకం మొత్తం ఆయన రాసిందే, ఆయనకు తెలియదా? రాని మనిషి ఒక్కతే, మా అక్క. అక్క అంటే బావగారి భార్య, నా తోటికోడలు. లాలాగూడలో ఉంటుంది. ఆమె ఫోన్ చేసి ఏం తింటున్నాడని నన్ను అడిగేది గాని ఏం కాదు అని మాత్రం అనేది కాదు.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండించింది ఆయన మంచితనం. పెళ్ళైనప్పటి నుంచి నా పప్పుచారులో ఉప్పు సరిపోయిందని ఒక్కనాడూ అనని మనిషి, సగం గిన్నె తాగలేక పక్కన పెడుతూ, మస్తుగున్నది అనడం మొదలుపెట్టాడు. నా మీద కోప్పడటం మానేశాడు. నీళ్ళ మోటారు ఆగితే ఏ వాల్వు విప్పాలో, ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు ఎంతవరకు పోయాలో, గ్యాస్ రెగ్యులేటర్ కింద వాషర్ ఎలా మార్చాలో రోజుకొకటి నేర్పించాడు. నేను నేర్చుకోనని స్పానర్ విసిరికొడితే, తీసి తుడిచి మళ్ళీ నా చేతిలో పెట్టాడు. ఆయన ప్రాణంగా చూసుకునే స్కూటర్ తీసుకెళ్ళి చెల్లెలి కొడుక్కి ఇచ్చి, తిరుగు దారిలో బస్సులో వచ్చాడు. ఆపరేషన్ మాటెత్తితే ఒకటే జవాబు.

"పోయేటోనికి కోతలెందుకు? మా అన్నను కోపిచ్చి నేను ఏం సాధించిన?"

"మీకు వచ్చింది ఆయనకు వచ్చింది కాదు. గింత చెప్పినా ఎక్కదా?" అన్నాను.

"గట్లనే చెప్పాలె," అన్నాడు నన్ను మెచ్చుకుంటున్నట్టు.

ఆ రోజు నేను నిజంగా ఏడ్చాను. క్యాన్సర్ కాని గడ్డ పెట్టుకుని, క్యాన్సర్ వచ్చినవాడిలా ఎండిపోయి, చివరికి తిండి లేక పోతాడేమో ఈ మనిషి అని భయం పట్టుకుంది. డాక్టరు నాన్చొద్దన్న గడువు దాటిపోతోంది. చారులో మెతుకులు కూడా పోయి, వట్టి చారే మిగిలింది.

అప్పుడొక రోజు బడిలో పాఠం చెబుతుంటే ఫోన్ వచ్చింది. కార్ఖానాలోనే ఒక పెద్ద వయసు డాక్టరు క్లినిక్ నుంచి. ఫైలు మీద నా నంబరు ఉందట. పేషెంటును కూడా తీసుకొస్తే మంచిదని సార్ అంటున్నారని ఒకమ్మాయి చెప్పింది. ఏ పేషెంటు అన్నాను. మా ఆయన పేరు చెప్పి, "పేషెంట్ వాళ్ళ అన్న ఇక్కడనే ఉన్నరు మేడం" అంది.

పోయిన మా బావగారు కార్ఖానాలో క్లినిక్‌లో కూర్చుని ఉండటమేమిటి? చాక్‌పీసు బల్ల మీద పడేసి, హెడ్‌మిస్ట్రెస్‌కు ఏదో చెప్పి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిచాను. క్లినిక్ బడికి దగ్గరే. లోపలికి వెళ్ళి చూస్తే, డాక్టరు ఎదురుగా కుర్చీలో, ఒళ్ళో ఫైలుతో, ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఆయన.

ఆయన నన్ను చూసి తెల్లబోయాడు. అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. రోగికి నిజం చెప్పరు, వెంట వచ్చినవాళ్ళకే చెబుతారు. అందుకని ఈ మహానుభావుడు తన వెంట తానే వచ్చాడు. తన తమ్ముడికి జబ్బు చేసిందని చెప్పి, తాను అన్ననని చెప్పి, తెలియని డాక్టరును వెతుక్కుని వచ్చాడు. అక్కడికక్కడే చెంప పగలగొట్టాలనిపించింది. నోరు తెరిచాను కూడా. కానీ తెరిచిన నోరు మూసుకున్నాను. ఇప్పుడు నేను బయటపెడితే డాక్టరు మాట మారుతుంది, రోగితో మాట్లాడే మాట అవుతుంది. ఇక ఈ మనిషి ఈ జన్మకు ఎవరి మాటా నమ్మడు.

కొంగు భుజం మీదుగా కప్పుకుని, ఒక కుర్చీ వదిలి అవతలి కుర్చీలో కూర్చున్నాను. బావగారి ముందు ఎలా కూర్చునేదాన్నో అలాగే.

డాక్టరు పేషెంట్ రాలేదా అని అడిగాడు. ఒంట్లో బాగాలేక ఇంట్లో పడుకున్నాడని చెప్పాను. పక్కనున్న మనిషి గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు.

"ఏం దాచకుండా చెప్పండి సార్," అన్నాను. "మా బావగారు దాని కోసమే వచ్చిన్రు."

ఆయన సీటీ ఫిల్ము లైటు పెట్టెకు తగిలించి, కళ్ళద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు. రెండో గొట్టం పరీక్ష బొమ్మలు చూశాడు. ముక్క తీయలేదు కదా అని అడిగి, తీయలేదంటే సంతోషపడ్డాడు. తెలిసినవాళ్ళ చేతిలో పడ్డారు, చాలామంది తొందరపడి తీసి పని చెడగొడతారు అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు.

"చూడండి, పేషెంట్ ఇక్కడ లేడు కాబట్టి ఖుల్లా చెప్తున్న. ఇది క్యాన్సర్ కాదు. మీ తమ్ముని కడుపు మాడ్చి చంపుతున్నది గడ్డ కాదు, భయం. మీరు పెద్దోళ్ళు, మీరు చెప్తే నమ్ముతడు. పోయి చెప్పండి."

మా ఆయన మళ్ళీ క్యాలెండర్ వైపు తిరిగాడు.

"నమ్మడు సార్," అన్నాడు. "మా ఇంట్ల గిసొంటియి అబద్ధమే చెప్తరు."

డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. ఆయన నా వైపు చూస్తే నేను కూడా క్యాలెండర్ చూశాను.

బయటికి వచ్చి ఇద్దరం క్లినిక్ మెట్ల మీద కూర్చున్నాం. తిట్టడానికి ఎన్నో మాటలు సిద్ధం చేసుకున్నాను. నాలుక కొసన ఉన్నవాటిలో మర్యాదగా ఉన్నది ఒక్కటీ లేదు. ఆయన భుజాలు కదులుతుంటే అన్నీ మింగాను. కొంతసేపటికి, ఆపరేషన్ ఎప్పుడు పెడతరో కనుక్కో అన్నాడు. సరే అన్నాను. స్కూటర్ కూడా వెనక్కి తెప్పించమన్నాను. ఇచ్చింది ఎట్ల అడుగుతం అన్నాడు. నేనడుగుతా, నాకేం సిగ్గు అన్నాను.

గడ్డ డాక్టరు చెప్పినట్టే ఒలుచుకుని వచ్చింది. పరీక్ష కాగితం కూడా అదే మాట చెప్పింది. కాగితం చదివి వినిపిస్తుంటే, ఆయన నా మొఖం చూడకుండా కళ్ళు మూసుకుని విన్నాడు. మొదట నీళ్ళు, తర్వాత జావ, తర్వాత మెత్తటి అన్నం. పప్పుచారులో ఉప్పు తక్కువైందని అన్న రోజు నేను దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టాను.

రొట్టె తినొచ్చని డాక్టరు చెప్పాక, అక్క మమ్మల్ని లాలాగూడకు భోజనానికి పిలిచింది. జొన్నరొట్టె, మెత్తటి పాలకూర పప్పు చేసింది. దగ్గర కూర్చుని ఆయన తినడం చూసింది. ముద్ద ఆగకుండా దిగుతున్నది. ఆయన తింటున్నాడు గాని మనసు ఇక్కడ లేదు. క్లినిక్ మెట్ల మీద నుంచి అదే ధోరణి, దేని గురించో నేను అడగలేదు. చేతిలో రొట్టె ముక్క పట్టుకునే అడిగాడు.

"వదినా, అన్నకు నేను అల్సర్ అని చెప్పిన గదా. నమ్మిండు గదా?"

అక్క పప్పు గరిట గిన్నెలో పెట్టింది.

"లేదు," అంది.

"ఎవరు చెప్పిన్రు? డాక్టర్ దగ్గరికి గిట్ల పోయిండా?"

"ఏడికి పోలే. నీ మొఖం చూసిండు. నువ్వు చెప్పి పోయినంక నాతోని అన్నడు. వానికి అబద్ధం ఆడుడు సుత చేతకాదు, నమ్మినట్టే ఉందాం, లేకుంటే వాడు ఆగమైతడు అని."

ఇన్నేళ్ళూ చెప్పుకున్న మిర్చి బజ్జీల మాట మా ఆయనకు గుర్తొచ్చిందని నాకు తెలుసు, నాకూ అదే గుర్తొచ్చింది. చేతిలో ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ దారిలో ఏ గడ్డా లేదు. అయినా పొలమారింది. దగ్గి దగ్గి కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి.

అక్క లేచి వచ్చి, ఆయన నెత్తి మీద మెల్లగా తట్టింది. ఎవరో తలుచుకుంటున్నరు అని మాత్రం అనలేదు.

"మీ అన్న," అంది.

నేను నీళ్ళ గ్లాసు ఆయన ముందుకు జరిపాను.